నలభై ఐదు దాటాక నలుగురు కలిసి బరువులెత్తడం: ఎలా మొదలుపెట్టాలి

26 కేజీల బియ్యం బస్తా తెలుసు కదా, 2022లో 25 కేజీల దాకా ప్యాకెట్ బియ్యానికి జీఎస్టీ వేస్తే మిల్లులవాళ్ళు ఒక్క కేజీ ఎక్కువేసి తెచ్చిన బస్తా. షాపు కుర్రాడు గుమ్మంలో దించేసి వెళ్ళిపోతాడు, అక్కణ్ణుంచి వంటింట్లోకి ఎవరు చేరుస్తారనేది మా ఇంట్లో ప్రతి నెలా పంచాయితీ. 47 ఏళ్ళప్పుడు నేనే ఈడుద్దాం అని వంగి లాగాను, నడుం పట్టేసింది, నాలుగు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. ఇప్పుడు 50. అదే బస్తా నేనే ఎత్తుతున్నా. మాయలేం జరగలేదు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఐదుగురం వారానికి రెండు రోజులు కలిసి బరువులెత్తుతున్నాం, అంతే. అది ఎలా మొదలుపెట్టామో చాలామంది అడుగుతున్నారు కాబట్టి తప్పులతో సహా రాస్తున్నా.

ముందు ఒక మాట. "నేను రోజూ బీచ్‌లో గంట నడుస్తాను కదండీ, ఇంకెందుకు" అని నేనూ అన్నా. నడక గుండెకి మంచిదే, మానొద్దు. కానీ ముప్పైలు దాటిన దగ్గర్నుంచి పదేళ్ళకోసారి ఒంట్లో కండ 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ పోతుంది, అరవై దాటాక ఇంకా స్పీడుగా పోతుంది, దాన్ని నడక ఒక్కటే ఆపలేదు, కండకి బరువు తగలాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా నడక లాంటివి వారానికి 150 నిమిషాలన్న పక్కనే కండరాలకి పని చెప్పే వ్యాయామం కనీసం 2 రోజులని విడిగా ఉంది, మనం మొదటి సగం విని రెండో సగం వదిలేశాం. ఆడవాళ్ళకి ఇంకో కోణం కూడా ఉంది, నెలసరి ఆగాక ఎముక పలచబడటం మొదలవుతుంది, పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్ళ లెక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే మన రెండు రాష్ట్రాలూ దేశంలోనే ముందు వరసలో ఉంటాయి, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆ పలచబడటం ఇంకా ముందే మొదలవుతుంది.

"ఈ వయసులో బరువులేంటి" అనేవాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ పెద్దవాళ్ళు పదిమందితో 8 వారాలు కాళ్ళతో బరువులెత్తే వ్యాయామం చేయించారు, చివరిదాకా చేసినవాళ్ళకి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో! మనది ఇంకా యాభై. "ఆడవాళ్ళకి బరువులా" అనేవాళ్ళకి అంత పెద్ద కథ కూడా అక్కర్లేదు, మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా తర్వాత తలపైకి లేపే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన జిల్లాల నుంచే వెళ్ళింది అని గుర్తుచేస్తే చాలు.

ముందు మనుషుల్ని పట్టుకోండి, డంబెల్స్ తర్వాత

నేను చేసిన మొదటి తప్పు ఇదే. జనవరి ఆఫర్ అని ఒక పెద్ద జిమ్‌లో ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేశా. వెళ్తే ట్రెడ్‌మిల్ ఎక్కించి అక్కడి ట్రైనర్ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు, చుట్టూ మా అబ్బాయి వయసు పిల్లలు, పాటలు చెవులు చిల్లులు పడేలా. 19 రోజులు వెళ్ళా. ఇరవయ్యో రోజు వెళ్ళకపోతే అడిగినవాళ్ళు లేరు. అదే అసలు సమస్య అని నాకు చాలా లేటుగా అర్థమైంది, మన వయసులో మానేయడానికి కారణాలు రోజుకి పది ఉంటాయి, చుట్టాలు, ఆడిటు, పిల్లల పరీక్షలు, అత్తగారి బీపీ, అలాంటప్పుడు మనం రాలేదని గమనించే మనిషి ఒకళ్ళుండాలి.

అందుకే నలుగురి నుంచి ఆరుగురు. ఆరు దాటితే ట్రైనర్ కన్ను అందరి మీదా పడదు, ముగ్గురికి తగ్గితే ఒకరు పెళ్ళికి వెళ్తే ఆ రోజు క్లాసే ఉండదు. మా ఐదుగురు ఎవరంటే నేను, షుగర్ ఉన్న మూడో ఫ్లోర్ వదిన, ఎదురు ఫ్లాట్ టీచర్ గారు, ఇంకో భార్యాభర్తలు, ఆయన రైల్వేలో చేస్తారు, భుజం సరిగ్గా లేవదు. బలాలు ఒక్కటే ఉండక్కర్లేదు, టైమ్ ఒక్కటే ఉండాలి, ఇల్లు దగ్గరుండాలి. స్కూటీ తీసి రావాల్సినంత దూరం ఉన్న స్నేహితురాలు ఎంత ఇష్టమైనా వద్దు, వర్షం పడిన మొదటి రోజే ఆగిపోతుంది.

వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి, రూల్ ఒక్కటే, రేపు రాకపోతే ఈ రాత్రి 9 లోపు చెప్పాలి. గుడ్ మార్నింగ్ బొమ్మలు నిషేధం. ఈ రెండో రూల్ మీదే మా గ్రూప్‌లో ఎక్కువ గొడవలయ్యాయి అనుకోండి.

ఒకసారి డాక్టర్ దగ్గరికి

బీపీ, షుగర్ చూపించుకోండి. బీపీ 180/110 దగ్గర ఉంటే ముందు అది తగ్గాలి, బరువులు తర్వాత. నడిస్తే ఛాతీలో నొప్పో బిగింపో వచ్చేవాళ్ళు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, ఈమధ్యే కంటికో పొట్టకో ఆపరేషన్ అయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భసంచి జారినవాళ్ళు, నడుం నొప్పితో పాటు కాల్లోకి తిమ్మిరి దిగేవాళ్ళు డాక్టర్ సరే అనేదాకా మొదలుపెట్టొద్దు. "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా" అని అడిగితే అందరూ చేయొచ్చమ్మా అనేస్తారు, అలా కాదు, "పది కేజీలు నేల మీద నుంచి ఎత్తొచ్చా, తలపైకి లేపొచ్చా" అని అడగండి, అప్పుడు తలెత్తి చూస్తారు. ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు పొద్దున్న ఖాళీ కడుపుతో రాకూడదు. మా వదినకి రెండో వారంలో కళ్ళు తిరిగి చెమటలు పట్టేసి సెల్లార్ మెట్ల మీద కూర్చుండిపోయింది, చూస్తే షుగర్ 62. అప్పట్నుంచి ఆవిడ ఒక అరటిపండు తిని వస్తుంది, డాక్టర్ మాత్ర డోసు కూడా మార్చారు, మా డంబెల్స్ పక్కన డబ్బాలో గ్లూకోజ్ పొడి పర్మనెంట్‌గా ఉంటుంది.

ట్రైనర్

ఒక్కరికే పర్సనల్ ట్రైనర్ అంటే నెలకి అడిగే డబ్బు విని నోరు తెరిచాం, ఐదుగురు పంచుకుంటే తలకి పనమ్మాయికిచ్చే జీతం కన్నా తక్కువే పడింది. ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ అడగండి, కానీ దానికన్నా ముందు అతను మనల్ని ఏం అడుగుతున్నాడో చూడండి. మోకాలు ఎలా ఉంది, ఏ మందులు వాడతారు, ఏం చేయలేకపోతున్నారు అని అడిగి రాసుకున్నవాడు పనికొస్తాడు. మొదటి రోజే పౌడర్ డబ్బా అమ్మేవాడు, "నెలలో పది కేజీలు తగ్గిస్తా" అనేవాడు, అందరికీ ఒకటే లెక్కలో వంద గుంజీలు తీయించేవాడు వద్దు. మేం ముగ్గుర్ని చూశాం. మూడో అబ్బాయి రైల్వే అన్నయ్య గారి చెయ్యి ఎంతవరకు లేస్తుందో గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు, ఆ గీత చూసే పెట్టుకున్నాం.

చోటు పెద్దది అక్కర్లేదు, రెండు కార్లు పట్టేంత చాలు, అసోసియేషన్ సెక్రటరీ గారిని ముందే అడిగేసుకోండి, తర్వాత పార్కింగ్ గొడవలొద్దు. సామాను: చేతులు లేని గట్టి కుర్చీలు రెండు, ప్లాస్టిక్‌వి కాదు, గోడకి ఆనించి పెట్టాలి. డంబెల్ జతలు 2, 3, 5, 7.5 కేజీలు, కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న ఇనప గుండ్లు) 8, 12, 16, రెండు రబ్బర్ బ్యాండ్లు, మ్యాట్లు. అన్నీ ఒకేసారి కొనొద్దు, పెద్దవి మూడో నెలలో కొనుక్కోండి. బట్టలు ఏవైనా పర్లేదు గానీ చున్నీ మాత్రం ఇంట్లో వదిలేసి రండి, ఒకసారి టీచర్ గారి చున్నీ కెటిల్‌బెల్ కింద పడి ఆవిడ పైకి లేస్తుంటే మెడ కిందకి లాగేసింది. మా వైజాగ్ ఉక్కపోతకి నేల మీద చెమట పడి జారుతుంది, తువ్వాలు రెండు, ఒకటి మనకి ఒకటి నేలకి.

మొదటి రోజు బరువు ముట్టుకోకండి

కుర్చీలో కూర్చుని చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో పక్కవాళ్ళు లెక్కపెట్టాలి. పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం అంచనా వేయడానికి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పరీక్ష ఇదే, వాళ్ళ పట్టికలో 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 కన్నా తక్కువ, మగవాళ్ళు 14 కన్నా తక్కువ చేస్తే వెనకబడ్డట్టు. నాకు అప్పటికి నలభై ఎనిమిది, వచ్చింది 10. పదకొండోది లేవబోయి సగంలో ధబ్‌మని కుర్చీలో పడ్డా, అందరూ నవ్వారు, నేనూ నవ్వా, ఇంటికెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. మీకొచ్చిన అంకె నోట్‌బుక్‌లో మొదట రాయించండి, తేదీతో. ప్రతి ఒక్కరికీ ఒక పేజీ. ఆ నోట్‌బుక్ డంబెల్స్ కన్నా ముఖ్యం అని నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తా.

చేసేది ఐదు పనులే

యూట్యూబ్ చూస్తే వంద రకాలు కనబడతాయి, కంగారు పడొద్దు. కూర్చుని లేవడం, నడుం దగ్గర వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోయడం. ఏ పేరు పెట్టినా ఈ ఐదింట్లోకే వస్తుంది.

కూర్చుని లేవడం అంటే స్క్వాట్, కుర్చీ మీద పిరుదులు తాకీ తాకనట్టు పెట్టి లేవడమే, మోకాళ్ళు లోపలికి వాలకుండా కాలి వేళ్ళ వైపే చూడాలి. మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయండి. నెట్టడం గోడకి చేతులు పెట్టి మొదలు, తర్వాత వంటింటి గట్టు ఎత్తు, తర్వాత బల్ల, ఇలా కిందకి దిగుతూ రావాలి, నేలకి రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. లాగడం అంటే ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి రెండో చేత్తో డంబెల్‌ని నడుం వైపుకి లాగడం, బావిలో నీళ్ళు తోడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మోయడం అన్నిటికన్నా సులువు, రెండు చేతుల్లో రెండు బరువులు పట్టుకుని నిటారుగా సెల్లార్ ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం, చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది, రెండో రౌండ్‌కి పిడికిలి వదిలేస్తుంది.

కష్టమంతా రెండోదాంతోనే, వంగి ఎత్తడం, అంటే డెడ్‌లిఫ్ట్. మనం చిన్నప్పట్నుంచి వీపు వంచి ఎత్తడమే అలవాటు, నా బస్తా కథ అదే కదా. చేతుల్లో గిన్నెలుండగా బీరువా తలుపు పిరుదులతో వెనక్కి నెట్టి మూస్తాం చూడండి, ఆ కదలికే ఇది. మోకాళ్ళు కొంచెమే వంగాలి, తుంటి వెనక్కి పోవాలి, వీపు బల్లలా ఉండాలి. మా ట్రైనర్ అదెలా నేర్పాడంటే మాప్ కర్ర తీసి టీచర్ గారి వీపు మీద నిలువుగా పెట్టాడు, తల వెనక, భుజాల మధ్య, కింద పిరుదుల దగ్గర, మూడు చోట్లా కర్ర తగిలే ఉండాలి, ఏ ఒక్కటి వదిలినా తప్పు. ఆవిడ గోడకి అడుగు దూరంలో వెనక్కి తిరిగి నిలబడి పిరుదులతో గోడని తాకాలి. మొదటి ఐదారు సార్లు కర్ర తలకి దూరమైపోయింది, ఏడోసారి గోడకి తగిలాక కూడా కర్ర కదల్లేదు, ఆవిడ అలా వంగే ఉండి "తొడల వెనక లాగుతోందండీ" అంది. అక్కడ లాగితే సరిగ్గా చేస్తున్నట్టు, నడుంలో లాగితే తప్పు చేస్తున్నట్టు. మూడు వారాలు కర్రతోనే చేయండి, ఆ తర్వాతే 8 కేజీల కెటిల్‌బెల్.

క్లాస్ మొత్తం 50 నిమిషాలు. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం, తర్వాత ఇద్దరిద్దరు జంటలు, ఒకరు ఎత్తుతుంటే రెండోవాళ్ళు లెక్కపెడుతూ వీపు చూస్తారు, తర్వాత మార్చుకుంటారు, ఐదోవాళ్ళతో ట్రైనర్ ఉంటాడు. ఒక్కోటి ఆపకుండా 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక సెట్, అలా రెండు మూడు సెట్లు. పక్కవాళ్ళు చేస్తున్న నిమిషంన్నరే మనకి రెస్టు, అందుకే చిన్న గ్రూప్‌లో టైమ్ వేస్ట్ కాదు. లేపేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి, బిగబట్టారంటే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తేవాళ్ళని కూడా లెక్క బయటికి గట్టిగా పెట్టమనండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేరు కదా.

బరువు పెంచడం, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోయేది

2 కేజీల గులాబీ రంగు డంబెల్‌తో రెండేళ్ళు గడిపేసేవాళ్ళని చూశా. 20 లీటర్ల వాటర్ క్యాన్ వంచి పోసే మనిషి 2 కేజీలతో ఏం సాధిస్తుంది చెప్పండి. సెట్ అయిపోయేసరికి ఇంకో రెండు మాత్రమే చేయగలను అనిపించాలి, ఇంకో పది చేయగలను అనిపిస్తే అది తేలిక, అసలు ఒక్కటీ రాదు అనిపిస్తే ఎక్కువ. చివరి సెట్‌లో 12 దాటి ఇంకో రెండు వరసగా రెండు క్లాసుల్లో వచ్చాయంటే తర్వాత క్లాస్‌కి ఒక మెట్టు పైబరువు. ఇది గుర్తుండదు, అందుకే నోట్‌బుక్. నాకైతే పోయిన సోమవారం 5 కేజీలు ఎత్తానో 7.5 ఎత్తానో కూడా గుర్తుండదు, పేజీ చూస్తేనే తెలుస్తుంది.

ఎముకల కోసం చేసేవాళ్ళు ఇది ఇంకా పట్టించుకోవాలి. ఆస్ట్రేలియాలో ఎముక సాంద్రత తగ్గిన, నెలసరి ఆగిన ఆడవాళ్ళు 101 మందితో ఒక పరీక్ష చేశారు, సగం మందికి వారానికి 2 సార్లు అరగంట చొప్పున 8 నెలలు నిజంగా బరువైన బరువులు, మిగతా సగానికి ఇంట్లో తేలిక వ్యాయామం. బరువులెత్తినవాళ్ళకి నడుం దగ్గర ఎముక సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది, తేలికవాళ్ళకి ఒక శాతం పైన తగ్గింది. వాళ్ళకి పక్కనే నిలబడి చూసేవాళ్ళున్నారు, మొదటి నెల తేలిక బరువులతో పద్ధతి నేర్పారు, ఆ సంగతి మర్చిపోయి నేరుగా బరువుల మీద పడకండి.

ఒళ్ళు నొప్పుల గురించి ముందే చెప్తున్నా, మొదటి క్లాస్ అయిన మర్నాటికన్నా ఆ పై రోజు ఎక్కువ తెలుస్తుంది. ఇండియన్ టాయిలెట్ వాడే ఇళ్ళల్లో గోడ పట్టుకుని లేవాల్సి వస్తుంది, నవ్వులాట కాదు. రెండు వైపులా సమానంగా మందంగా ఉండే నొప్పి మూడు రోజుల్లో పోతుంది, భయం లేదు. ఒకే చోట పొడిచినట్టు ఉన్నా, కీలు వాచినా, తిమ్మిరి దిగినా ఆపి చూపించుకోండి. ఛాతీ పట్టేసినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగి కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. క్లాసుల మధ్య రెండు రోజులు ఖాళీ ఉండాలి, మావి సోమవారం, గురువారం.

తిండి సంగతి క్లుప్తంగా. ఐసీఎంఆర్ లెక్కలో కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కేజీల మనిషికి రోజుకి 50 గ్రాములు, బరువులెత్తుతుంటే ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. గుడ్డుకి 6 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌కి 18, కప్పు ముద్దపప్పుకి ఏడెనిమిది. చారు పోసుకుని కుప్ప అన్నం తిని పప్పు తిన్నాం అనుకుంటాం, ఆ చారులో పప్పెంత. పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు, అన్నం ఒక గరిటె తగ్గించి పప్పో చేపో ఒక గరిటె పెంచడం, నేను చేసింది అంతే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచొద్దు.

గ్రూప్ చెడిపోయేది బరువుల వల్ల కాదు, పోలికల వల్ల. రైల్వే అన్నయ్య గారు పెద్ద బరువులు వచ్చిన కొత్తలో భార్య 12 ఎత్తుతోందని తను 16 ఎత్తబోయి భుజం మళ్ళీ పట్టేసి మూడు వారాలు పోగొట్టుకున్నారు. అందుకే ఒకరి పేజీ ఇంకొకరికి చదివి వినిపించడం ఆపేశాం. కబుర్లు ఉంటాయి, ఉండాలి, కానీ క్లాస్ అయ్యాక మెట్ల మీద. కార్తీక మాసంలో ఉపవాసం రోజులకి క్లాస్ పడితే సగం బరువుతో కానిచ్చేయండి. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి ఎలాగూ పోతుంది, రెండు వారాలు మానితే తిరిగొచ్చిన మొదటి క్లాస్‌లో మూడో వంతు బరువు తగ్గించి ఒక సెట్ తక్కువ చేయండి, మూడో క్లాస్‌కల్లా పాత చోటికి వచ్చేస్తారు. మూడు నెలలకోసారి కుర్చీ పరీక్ష మళ్ళీ పెట్టండి. నావి 10, 13, 15, తర్వాత చికెన్‌గున్యా వచ్చి మళ్ళీ 12, ఇప్పుడు 17.

ఇక బస్తా. వారానికి రెండుసార్లు ఆర్నెల్లు చేసి, 16 కేజీల కెటిల్‌బెల్ పదిసార్లు వీపు వంగకుండా ఎత్తగలిగాకే దాని జోలికి వెళ్ళండి. బస్తాని నిలువుగా నిలబెట్టండి, పాదాలు దానికి అటూ ఇటూ పెట్టి దగ్గరగా నిలబడండి. తుంటి వెనక్కి, ఒక చెయ్యి కింది మూలకి, ఒక చెయ్యి పై మూలకి, పొట్టకి హత్తుకోండి. ఊపిరి వదులుతూ ముందు కుర్చీ ఎత్తుకి లేపి కుర్చీ మీద పెట్టండి. ఒక నిమిషం ఆగండి. మళ్ళీ హత్తుకుని అక్కణ్ణుంచి లేవండి, తిరగాలంటే నడుం తిప్పకుండా పాదాలతో తిరగండి. మా ఆయన ఇప్పటికీ "నేనూ ఒక చెయ్యి వేస్తాను" అని వస్తారు, వెయ్యనివ్వను, ఇద్దరు పట్టుకుంటే ఎవరో ఒకరు ముందు వదిలేస్తారు. ఆయన్ని బియ్యం డబ్బా మూత తీసి పట్టుకోమంటా.